సముద్రపు నాచు: సీసాలో కొన్నదీ, కంచంలో తిన్నదీ

"సముద్రపు నాచు తింటే కీళ్ల వాపులు తగ్గుతాయట కదండీ?" పోషకాహార సలహా కోసం వచ్చేవారు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. నాచు మీద నాకు కోపం లేదు, దాని పేరు చెప్పి అమ్మే సీసాల మీదే.

అపోహ: నాచు వాపును తగ్గిస్తుందని శాస్త్రం తేల్చేసింది.

వాస్తవం: గోధుమ రంగు నాచుల్లో ఫ్యూకోయిడాన్ అనే పొడవాటి చక్కెర గొలుసు ఉంటుంది. స్వీడన్ శాస్త్రవేత్త కైలిన్ 1913లో దాన్ని తొలిసారి వేరుచేశారు. గాజు పాత్రలో పెంచిన కణాల్లో, ఎలుకల్లో అది వాపు సంకేతాలను తగ్గించిన మాట నిజమే. కానీ అంత పెద్ద అణువు మనం తిన్నప్పుడు పేగు గోడ దాటి రక్తంలో చేరేది బహు కొద్ది. మనుషుల మీద జరిగిన ప్రయోగాలు చిన్నవి, వాటి ఫలితాలూ ఒక దారిలో లేవు.

ఇంకో తమాషా చూడండి. వాపు తగ్గించే మందులను పరీక్షించడానికి ప్రయోగశాలల్లో ముందుగా ఎలుక పాదానికి సూదితో క్యారజీనన్ ఎక్కించి వాపు తెప్పిస్తారు. అదీ ఎర్ర నాచులోంచి తీసేదే! చాక్లెట్ పాలను చిక్కబరచడానికీ దాన్నే వాడతారు. పాదంలోకి ఎక్కించడం వేరు, పొట్టలోకి వెళ్లడం వేరు కాబట్టి ఆ పాలు చూసి ఎవరూ బెదరనక్కర్లేదు. ఆ తేడా ఫ్యూకోయిడాన్‌కు మాత్రం ఎందుకు వర్తించదు?

అపోహ: థైరాయిడ్ ఉన్నవారికి నాచు మంచిది.

వాస్తవం: నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ మాటే. ఒకావిడ చేతిసంచిలోంచి కెల్ప్ అనే గోధుమ రంగు నాచు గుళికల సీసా తీసి బల్ల మీద పెట్టారు. "థైరాయిడ్ మాత్ర మానేసి ఇవే వేసుకుంటున్నానండీ, సహజమైనవి కదా" అన్నారు. లేబుల్ మొత్తం తిప్పి తిప్పి చదివాను. అయోడిన్ ఎంతుందో ఎక్కడా లేదు. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. కెల్ప్ జాతికే చెందిన కొంబు నాచు ఎండుది ఒక్క గ్రాములోనే 2000 మైక్రోగ్రాములకు పైగా ఉండవచ్చు, అంటే దాదాపు రెండు వారాలకు సరిపడేంత. పైగా అయోడిన్ ఉప్పు వాడే ఇళ్లలో థైరాయిడ్ మందగించడానికి ఎక్కువగా కారణమయ్యేది హషిమోటో వ్యాధి. సొంత రోగనిరోధక వ్యవస్థే గ్రంథి మీద దాడి చేసే జబ్బు అది. అతిగా అయోడిన్ పడితే అది ముదరవచ్చు. సీసా పక్కన పెట్టి, మాత్ర గురించి ఆ రోజే డాక్టరును కలవమని పంపాను.

కొంబును ఉడికిస్తే అయోడిన్ చాలావరకు నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లే సూపుగా తాగితే తిరిగి లోపలికే.

అపోహ: ఏ నాచైనా ఒకటే.

వాస్తవం: సుషీకి చుట్టే నోరిలో అయోడిన్ కొంబుతో పోలిస్తే చాలా తక్కువ. హిజికి అనే నల్లని నాచులో విషపూరితమైన ఆర్సెనిక్ ఎక్కువని, దాన్ని తినవద్దని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2004లోనే చెప్పింది. ఇక స్పైరులినా అసలు సముద్రపు నాచే కాదు, ఒక రకం బ్యాక్టీరియా. దాన్ని విటమిన్ బి12 కోసం మింగే శాకాహారులకు ఒక మాట: అందులో ఉన్నది చాలావరకు మన శరీరానికి పనికిరాని నకిలీ రూపమే.

అపోహ: జపాన్ వారి ఆరోగ్యమంతా నాచులోనే ఉంది.

వాస్తవం: వారు చేపలు, సోయా కూడా తింటారు. పైగా, నోరిలోని పీచును విడగొట్టే ఎంజైము జన్యువులు కొందరు జపనీయుల పేగు బ్యాక్టీరియాలో ఉన్నాయని 2010లో బయటపడింది. అవి సముద్రపు బ్యాక్టీరియా నుంచి సంక్రమించినవి. పోల్చి చూసిన ఉత్తర అమెరికా వారిలో అవి కనిపించలేదు. అంటే అదే నోరి అందరి పేగుల్లో ఒకేలా జీర్ణం కాకపోవచ్చు.

తినాలని సరదా పడితే వారానికి రెండు మూడు నోరి రేకులు నిక్షేపంగా తినండి. ఒక్కోటి మూడు గ్రాములు కూడా ఉండదు. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవారు మాత్రం ముందు డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే నోరిలో విటమిన్ కె ఉంటుంది. వేసవిలో పాలతో చైనా గ్రాస్ చేసుకునేవారైతే నాచు సరుకు ఎప్పటినుంచో తింటున్నట్టే. అగర్ అంటే అదే!