ఇంజిన్ బేరింగులు: సప్లయర్ వైపు నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

బేరింగ్ అనగానే చాలామందికి గుండ్లు తిరిగే రింగే గుర్తొస్తుంది. కారు ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్‌ను, అంటే పిస్టన్ల కదలికతో తిరిగే ప్రధాన ఇరుసును, మోసేవి మామూలుగా అవి కావు. అరచందమామల్లాంటి రెండు రేకులు, అంటే షెల్స్. ఒక్కోటి సుమారు 2 మిల్లీమీటర్ల మందం, వెనక స్టీలు, ముందు అంటే షాఫ్ట్ తగిలే వైపు మెత్తటి లోహం. ఇవి తయారుచేసే చోట పనిచేస్తూ నేను పదేపదే విన్న మాటలు కొన్ని చెప్తాను.

అపోహ: కార్ల కంపెనీ డ్రాయింగ్ ఇస్తుంది, సప్లయర్ అచ్చుదింపి ఇస్తాడు.

వాస్తవం: కొత్త ఇంజిన్ అయితే మొదట్లో డ్రాయింగే ఉండదు. షాఫ్ట్ వ్యాసం, సిలిండర్ ప్రెషర్, తిరిగే వేగం, ఆయిల్ గ్రేడ్ వాళ్ళిస్తారు. వాటితో ఆయిల్ పొర ఎక్కడ ఎంత పల్చబడుతుందో మేం లెక్కగడతాం. లోడ్ బాగా పడ్డప్పుడు అది ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, దాకా వచ్చేస్తుంది. లెక్క తేలకపోతే షెల్ వెడల్పు పెంచమంటాం. ఇంజిన్ పొడవు పెరుగుతుందని వాళ్ళు ఒప్పుకోరు. ఇక మెటీరియల్ మార్చడమా, ఆయిల్ రంధ్రం జరపడమా, క్లియరెన్స్ (షాఫ్ట్‌కీ షెల్‌కీ మధ్య సందు) సవరించడమా అని నెలల తరబడి బేరాలు.

అసలు మేం అమ్మేది రేకు, వాళ్ళకు కావాల్సింది సందు. 50 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి ఆ సందు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, లేదా ఇంకా తక్కువ. అందులో షెల్ కూర్చునే ఇంజిన్ బ్లాక్ రంధ్రం వాళ్ళది, షాఫ్ట్ వాళ్ళది, షెల్ మందం ఒక్కటే మాది. మూడింటి తేడాలూ కలిస్తే సందు అదుపు తప్పుతుంది. అందుకే చాలా ఇంజిన్లకు షెల్స్‌ని కొద్ది మైక్రాన్ల తేడాతో గ్రేడ్లు చేసి రంగు గుర్తు పెడతారు. లైన్‌లో బ్లాక్ మీద, క్రాంక్ మీద ఉన్న కోడ్ చూసి ఆ రంగు షెల్ వేస్తారు.

కొలవడం ఇంకో తలనొప్పి. షెల్ విడిగా ఉన్నప్పుడు సరైన అర్ధవృత్తంలో ఉండదు, కాస్త విచ్చుకుని ఉంటుంది. గేజ్‌లో పెట్టి, చెప్పిన బరువుతో నొక్కి, అంచు ఎంత పైకొచ్చిందో చూడాలి. ఒకసారి మా దగ్గర పాసైన లాట్ కస్టమర్ దగ్గర రిజెక్ట్ అయింది. మూడు రోజులు టెన్షన్. చివరికి చూస్తే రెండు గేజ్‌లలో నొక్కే బరువు వేరు. వాళ్ళ ల్యాబ్ ఇంకా పాత డ్రాయింగ్ రివిజన్‌లోనే ఉంది. సారీ ఎవరూ చెప్పలేదు లెండి.

అపోహ: షెల్ తిరగకుండా ఆపేది దాని అంచున ఉన్న చిన్న నాలుక.

కాదు. అది కూర్చోబెట్టే చోటు చూపిస్తుందంతే. పట్టి ఉంచేది ఇందాక చెప్పిన ఆ పైకొచ్చిన అంచు, దాన్నే క్రష్ అంటాం. షెల్స్‌ని పైనుంచి మూసే క్యాప్ బోల్టులు బిగించినప్పుడు రెండు షెల్స్ ఒకదాన్నొకటి నొక్కుకుని రంధ్రానికి అతుక్కుపోతాయి. "టైట్‌గా ఉంది సార్" అని ఆ అంచును ఆకురాయితో రాకే మెకానిక్‌లను చూసినప్పుడు నాకు గుండె ఆగినంత పనవుతుంది.

అపోహ: లోహం ఎంత గట్టిదైతే బేరింగ్ అంత మంచిది.

మరీ గట్టిదైతే ఆయిల్‌లో వచ్చిన ఇసుక రేణువును తనలోకి దిగనివ్వదు, అది షాఫ్ట్‌ని గీస్తుంది. మరీ మెత్తదైతే అలసి పగుళ్ళిస్తుంది. ఒకప్పుడు సీసం ఈ చిక్కును చాలావరకు తీర్చేది. యూరప్‌లో 2000 నాటి డైరెక్టివ్ (యూరోపియన్ యూనియన్ చట్టం) కార్లలో సీసాన్ని నిషేధించినా, కొత్త కార్ల ఇంజిన్ బేరింగులకు 2011 జూలై 1 దాకా మినహాయింపు దొరికింది. మార్చడం అంత కష్టమన్నమాట. పైగా సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ స్టార్టయ్యే ఇంజిన్లు వచ్చాయి. ఆయిల్ పొర ఏర్పడకముందే షాఫ్ట్ షెల్‌ని రాసుకునే సందర్భాలు ఎన్నో రెట్లు పెరిగాయి. అందుకే ఇప్పుడు కొన్నిటి పైన పాలిమర్ పూత వేస్తున్నారు.

అపోహ: బేరింగ్ కాలిపోయిందంటే బేరింగే నాసిరకం.

వారంటీలో తిరిగొచ్చిన షెల్‌ని మొదట వెనక్కి తిప్పి చూస్తాను. వెనక స్టీలు మీద మెరుపు మచ్చలుంటే షెల్ రంధ్రానికి సరిగ్గా పట్టలేదని, ముందువైపు గుచ్చుకున్న రేణువులుంటే మురికి వచ్చిందని. ఎక్కువగా కనిపించేవి మురికి, ఆయిల్ అందకపోవడం. మా తప్పు ఉన్నవీ ఉంటాయి, పూత ఊడినవి లాంటివి. అవి మాత్రం ఒక్కటిగా రావు, లాట్ మొత్తం వస్తుంది.