గ్రాంటు ప్రకటించిన రోజే పని మొదలుపెట్టకండి: నడకదారుల ప్రణాళికల నిధులపై అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని చిన్న పట్టణాలకు, కౌంటీలకు నడకదారుల ప్రణాళికలు రూపొందించడం, వాటి కోసం ఫెడరల్ గ్రాంట్ల దరఖాస్తులు రాయడం నా వృత్తి. ఈ మధ్య మన తెలుగువాళ్లు తామున్న ఊళ్ల ప్లానింగ్ కమిషన్లలోనూ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) బోర్డుల్లోనూ చురుగ్గా పాల్గొంటున్నారు కనుక, ఆఫీసులో రోజూ ఇంగ్లీషులో చెప్పే మాటలనే తెలుగులోనూ చెప్పవలసిన అవసరం కలిగింది.

అపోహ: గ్రాంటు ప్రకటించారు కనుక డబ్బు వచ్చేసినట్లే, పని మొదలుపెట్టవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. 2021 నవంబరులో అమల్లోకి వచ్చిన మౌలిక సదుపాయాల చట్టం, సేఫ్ స్ట్రీట్స్ అండ్ రోడ్స్ ఫర్ ఆల్ అనే రోడ్డు భద్రతా గ్రాంట్ల పథకానికి 2022 నుంచి 2026 వరకు ఏటా 100 కోట్ల డాలర్లు కేటాయించింది. అందులో కనీసం 40 శాతం ప్రణాళికల వైపే వెళ్లాలి. ఆ పథకం కింద ఎంపికైన జాబితాలో మీ ఊరి పేరు కనిపించిందంటే, ఒప్పందం కుదుర్చుకునేందుకు మీకు పిలుపు వచ్చిందని మాత్రమే అర్థం. పని పరిధి, బడ్జెట్, గడువులు ఖరారై ఇరుపక్షాలూ సంతకాలు చేయడానికి నెలలు పడుతుంది. సంతకాల తేదీకి ముందు పెట్టిన ఖర్చును, అందుకు రాతపూర్వకమైన అనుమతి ముందే తీసుకుని ఉంటే తప్ప, ప్రభుత్వం తిరిగి ఇవ్వదు. సంతకాలయ్యాక కూడా సొమ్ము ఒక్కసారిగా ఖాతాలో పడదు. ఊరు ముందు ఖర్చు పెట్టి, బిల్లులు సమర్పించి, ఆ తరువాత రీయింబర్స్‌మెంట్ పొందుతుంది.

కొన్నేళ్ల క్రితం ఒక చిన్న పట్టణం సిటీ క్లర్క్ నన్ను పిలిపించి ఒక ఫైలు నా ముందు పెట్టారు. ప్రకటన వెలువడిన వారం తిరగకుండానే, మేయరు ఉత్సాహం కొద్దీ, తెలిసిన కన్సల్టెంటుకు పని అప్పగించారు. బడి ముందు రోడ్డు దాటే పిల్లల లెక్కింపు, రెండు బహిరంగ సమావేశాలు, పటాల తయారీ, అన్నీ చకచకా జరిగిపోయాయి. ఆ క్లర్క్ ఇన్‌వాయిసుల మీద తేదీల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉంచారు. అందులో ఏడు తేదీలుంటే, ఒప్పందం తరువాతివి రెండే. మిగిలిన ఐదింటి సొమ్ము రాదు సరికదా, దాన్ని ఊరు తన వంతుగా పెట్టవలసిన వాటాగా (మ్యాచ్) చూపించుకునే వీలు కూడా లేదు. పైగా, పోటీ లేకుండా కన్సల్టెంటును ఎంచుకోవడం ఫెడరల్ కొనుగోలు నియమాలకు విరుద్ధం కనుక, మిగిలిన పనికి మళ్లీ ఆర్‌ఎఫ్‌పీ (పోటీ ప్రతిపాదనల ఆహ్వానం) పిలవవలసి వచ్చింది. "తప్పు నాదేనేమో" అని ఆమె పదే పదే అంటుంటే నాకు బాధ కలిగింది. ఆ ఊరి మొత్తం కార్యాలయంలో పనిచేసేది నలుగురు. ఆ నియమాలను వాళ్లకు ముందుగా చెప్పినవారే లేరు.

కాబట్టి ప్రకటనకూ సంతకానికీ మధ్య కాలంలో ఊరు చేయగలిగినవి కాగితం పనులే: ఆర్‌ఎఫ్‌పీ ముసాయిదా రాసి పెట్టుకోవడం, కౌన్సిల్ తీర్మానం చేయించడం, రీయింబర్స్‌మెంట్ వచ్చేదాకా బిల్లులు ఏ ఖాతా నుంచి కట్టాలో ఫైనాన్స్ అధికారితో తేల్చుకోవడం. ఇవి కూడా సిబ్బంది మామూలు జీతం మీద చేసే పనులుగానే ఉండాలి, గ్రాంటు పద్దులో రాయకూడదు.

అపోహ: 20 శాతం మ్యాచ్ అంటే గ్రాంటు సొమ్ములో 20 శాతం.

ఈ లెక్క తప్పిన దరఖాస్తులు నా బల్ల మీదికి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఆ 20 శాతం మొత్తం ప్రాజెక్టు వ్యయంలో. మీరు ఫెడరల్ వాటాగా 2,00,000 డాలర్లు అడిగితే, మొత్తం వ్యయం 2,50,000 డాలర్లు, మీ వాటా 50,000 డాలర్లు. 40,000 అని రాసిన ఊరికి చివర్లో 10,000 డాలర్ల లోటు తేలుతుంది. చిన్న ఊరి బడ్జెట్లో దాన్ని పూడ్చడం తేలిక కాదు. సిబ్బంది సమయాన్ని వాటాగా చూపవచ్చు, కానీ టైమ్‌షీట్లు ఉండాలి.

అపోహ: నడకదారి ప్రణాళిక వచ్చిందంటే మా స్థలం పోతుంది.

సమావేశాల్లో భయంతో వచ్చే పెద్దవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. ఆ భయాన్ని ఫార్వర్డు మెసేజీలతో పెంచేవారిని చూస్తే ఓపిక నశిస్తుంది. కార్లు నిషేధిస్తారనే వదంతికి సమాధానం చెప్పడం కూడా నేను మానేశాను. ప్రణాళిక ఒక పత్రం, దానితో ఎవరి స్థలాన్నీ తీసుకునే అధికారం రాదు. తరువాత ఎప్పుడైనా ఫెడరల్ నిధులతో నిర్మాణం చేపట్టి స్థలం అవసరమైతే, 1970 నాటి చట్టం ప్రకారం విలువ కట్టించి, న్యాయమైన పరిహారం ఇచ్చి తీసుకోవాలి. ఒక పెద్దాయన తన ఇంటి ముందు గడ్డిని ముప్పై ఏళ్లుగా తానే కోస్తున్నానని, అది తనదేనని వాదించారు. ప్లాట్ పటం తెరిచి, మెయిల్‌బాక్సుకు ఇటువైపు గీత చూపించాను. ఆ గీత నుంచి రోడ్డు వరకు ఉన్నదంతా మొదటి నుంచీ పబ్లిక్ రైట్ ఆఫ్ వే, అంటే రోడ్డు కోసం ఉంచిన ప్రజా స్థలం. ఆయన కాసేపు పటం వంక చూసి, "అయితే ఇన్నేళ్లూ మీ గడ్డిని నేను కోశానన్నమాట" అన్నారు.

మిగిలినవి, త్వరగా.

ప్రణాళిక గ్రాంటుతో శాశ్వతమైన కాలిబాట వేయలేరు. అయితే రంగు, కోన్లు, ప్లాస్టిక్ స్తంభాలతో కొన్నాళ్లపాటు ప్రయోగాత్మకంగా రోడ్డు దాటే చోటు ఏర్పాటు చేసి చూడటానికి ఈ పథకంలో అవకాశం ఉంది. పెద్ద నగరాలకే డబ్బిస్తారన్నది కూడా నిజం కాదు. చిన్న పట్టణాలు, కౌంటీలు, గిరిజన ప్రభుత్వాలు, ట్రాన్సిట్ సంస్థలు, ఎంపీవోలు (ప్రాంతీయ రవాణా ప్రణాళికా సంస్థలు) అర్హులే. ఒక ఏడాది నిధుల్లో ఏ రాష్ట్రానికీ 15 శాతం మించి వెళ్లకూడదని చట్టమే చెబుతోంది. మీ హెచ్‌ఓఏ మాత్రం నేరుగా దరఖాస్తు చేయలేదు. మద్దతు లేఖ ఇవ్వగలదు. ఇచ్చేటప్పుడు మీ కాలనీ పిల్లలు ఏ కూడలిలో, ఏ వేళకు రోడ్డు దాటుతారో రాయండి, ప్రశంసావాక్యాలు అక్కరలేదు. మీ ఊరి SAM.gov (ఫెడరల్ గ్రాంట్ల కోసం నమోదయ్యే వెబ్‌సైటు) రిజిస్ట్రేషన్ గడువు తీరిందేమో కూడా ఈ వారమే సిటీ క్లర్కును అడగండి; దాన్ని ఏటా పునరుద్ధరించాలి, అది లేకుండా దరఖాస్తు ముందుకు కదలదు.