పాచిక పారని ఆదివారం: బొమ్మ సైన్యాల యుద్ధంలో అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక ఆదివారం, ఇంగ్లండ్‌లోని డెర్బీలో ఒక చర్చి హాలు. అయిదడుగుల బల్ల మీద ప్లాస్టిక్ శిథిలాలు, వాటి మధ్య మా తమ్ముడు మూడు నెలలు కూర్చుని రంగులేసుకున్న బొమ్మ సైన్యం. సొంత తమ్ముడు కాదు లెండి, గుంటూరు నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన కుర్రాడు. మొదటి టర్నులో వాడి ట్యాంకు రెండు గుండ్లు పేల్చింది. పాచికలు ఒకటి, రెండు పడ్డాయి. రెండు గుండ్లూ గురి తప్పాయి. రెండో టర్నులో రెండూ తగిలాయి. హమ్మయ్య అనుకునేలోపు గాయం కోసం వేసిన పాచికలు ఒకటి, ఒకటి. మూడో టర్నులో సేనాపతి శత్రువు మీదికి దూకాలి. రెండు పాచికలు కలిపి తొమ్మిది కావాలి. మూడు పడింది.

"అన్నా, ఇంటికెళ్ళాక ఈ డైస్‌ని ఓవెన్‌లో పెట్టి కరిగించేస్తా" అన్నాడు.

పదేళ్ళుగా ఈ ఆట ఆడుతున్నాను, నాలుగేళ్ళుగా చిన్న టోర్నమెంట్లకి రెఫరీగా కూడా ఉంటున్నాను. బల్లల మధ్య తిరుగుతుంటే వినపడే గోలలో సగం నిబంధనల గురించి, మిగతా సగం పాచికల గురించి. ఆ రెండో సగం కోసమే ఇది రాస్తున్నాను.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. నేను చెబుతున్నది వార్‌హామర్ 40,000. నాటింగ్‌హామ్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళది, 1987లో వచ్చింది. బొమ్మ సైనికుల్ని టేపుతో కొలుచుకుంటూ జరుపుతాం, కాల్పుల ఫలితం పాచికలు తేలుస్తాయి. ప్రతి గుండుకీ మూడు మెట్లు: తగిలిందా (హిట్), గాయమైందా (ఊండ్), ఎదుటివాడి కవచం ఆపిందా (సేవ్). మూడింటికీ లూడోలో వాడే మామూలు ఆరు ముఖాల పాచికే.

అపోహ: నా పాచికలే దరిద్రం. ఒకట్లు తప్ప పడవు.

ఇందులో ఆవగింజంత నిజం ఉంది. ఫ్యాక్టరీలో లక్షల్లో పోతపోసే పాచిక లెక్క ప్రకారం నూటికి నూరుపాళ్ళు సమంగా ఉండదు. 1894లో ఇంగ్లండ్‌లో రాఫెల్ వెల్డన్ అనే జీవశాస్త్రవేత్త పన్నెండేసి పాచికల్ని 26,306 సార్లు వేసీ, వేయించీ లెక్క రాశాడు. మొత్తం 3,15,672 పాచికలు. అయిదు గానీ ఆరు గానీ పడాల్సింది సరిగ్గా మూడో వంతు, అంటే 1,05,224. పడింది 1,06,602. గణాంకశాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1900లో తన కై-స్క్వేర్ పరీక్షని (పడాల్సినదానికీ పడినదానికీ తేడా ఉత్త అదృష్టమేనా కాదా అని తేల్చే పద్ధతి) ప్రకటించినప్పుడు ఉదాహరణగా తీసుకున్నది ఈ లెక్కలనే. చుక్కల కోసం గుంతలు తవ్వితే ఆరున్న వైపు ఎక్కువ పదార్థం పోతుంది, ఆ వైపు తేలికై పైకి తిరుగుతుంది అని దానికి చెప్పే కారణం. 2009లో చికాగో యూనివర్సిటీలో ఒకాయన యంత్రం కట్టి మళ్ళీ అదే ప్రయోగం చేస్తే, ఈసారి ఒకటి, ఆరు రెండూ కాస్త ఎక్కువ పడ్డాయి. ఆ రెండు ముఖాల మధ్య దూరం మిగతావాటి కంటే వెంట్రుకవాసి తక్కువ ఉండటమే కారణం.

సరే, లోపం ఉంది. ఎంత? వెల్డన్ పాచికలతో మనం ఒక ఆటలో 300 సార్లు వేశామనుకోండి, అయిదు-ఆరులు వందకి బదులు నూట ఒకటో రెండో పడతాయి. దాంతో ఎవరి ట్యాంకూ పేలదు.

ఇంట్లో పరీక్ష చేసి చూశామనేవాళ్ళు ఉంటారు. అరవై సార్లు వేస్తే ఒకట్లు పది పడాలి, పదిహేను పడ్డాయి, ఇదిగో సాక్ష్యం అంటారు. అరవై సార్లలో అయిదు నుంచి పదిహేను దాకా పడటం మంచి పాచిక్కి కూడా మామూలే. కొంచెం వంకర ఉన్న పాచికని పట్టుకోవాలంటే వేలల్లో వెయ్యాలి. ఉప్పునీళ్ళ గ్లాసులో తేలేసి చూడటం ఇంకో పద్ధతి. లోపల గాలి బుడగ ఉంటే నీళ్ళలో ఎప్పుడూ ఒకే ముఖం పైకొస్తుంది, నిజమే. కానీ నీళ్ళలో పాచికని తిప్పడానికి చిటికెడు తేడా చాలు. బల్ల మీద పది పల్టీలు కొట్టే పాచిక్కి ఆ చిటికెడు తేడా లెక్కలోకే రాదు.

పాచిక మీద అనుమానం ఉంటే టోర్నమెంటులో నేను చెప్పే మందు ఒకటే. ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తీసి వెయ్యండి. ఆ మాట అనగానే అనుమానం చాలాసార్లు అక్కడే పోతుంది.

అపోహ: ఇన్ని ఒకట్లు పడ్డాయి కాబట్టి ఇక ఆరు పడి తీరాలి.

పాచిక్కి జ్ఞాపకం లేదు. ఇంతకుముందు మీకు అన్యాయం చేశానన్న సంగతి దానికి తెలియదు. 1913 ఆగస్టులో మాంటీ కార్లో కేసినోలో రూలెట్ చక్రం మీద వరసగా ఇరవై ఆరు సార్లు నలుపే వచ్చింది. ఇక ఎరుపు రాక తప్పదని జనం పందెం మీద పందెం కాసి మునిగిపోయారు. మన అష్టాచమ్మా పిచ్చీ ఇదే. "మూడు పందాలైంది చమ్మా పడి, ఈసారి పడుద్ది చూడు" అని మా అమ్మమ్మ గవ్వలు నోటి దగ్గర పెట్టుకుని ఊదేది. పడినప్పుడు అందరికీ చెప్పేది, పడనప్పుడు గవ్వలు మాకిచ్చేది.

సగటు సర్దుకుంటుంది అనే మాటకి అర్థం పాత బాకీ తీరుతుందని కాదు. ఆరు వేల సార్లు వేస్తే మొదటి పదిలో పడిన నాలుగు ఒకట్లు ఆ గుంపులో కనబడకుండా పోతాయి, అంతే. మన ఆటలో ఆరు వేల సార్లు ఎవరేస్తారు?

అపోహ: సగటు లెక్క వేసుకున్నా, కాబట్టి ప్లాను పక్కా.

నా దృష్టిలో ఆటలు పోయేది ఎక్కువగా ఇక్కడే. ముప్ఫై తుపాకులు పేలుస్తున్నారనుకోండి. తగలడానికి మూడు, ఆపైన పడాలి. గాయానికి నాలుగు, ఆపైన. ఎదుటివాడి కవచం మూడు, ఆపైన పడితే ఆపేస్తుంది. ముప్ఫైలో ఇరవై తగులుతాయి, పది గాయాలు, అందులో మూడోవంతు లోపలికి దిగుతాయి. అంటే మూడు చావులు. ఫోన్‌లో లెక్కగట్టే యాప్ కూడా అదే చెబుతుంది.

యాప్ చెప్పనిది ఇంకోటుంది. ఒక్కో తుపాకీ గుండూ చివరిదాకా పనిచేసే అవకాశం తొమ్మిదింట ఒకటి. ముప్ఫై తుపాకులు పేల్చినా ఒక్కడూ చావకపోయే అవకాశం వందకి మూడు. సున్నా గానీ ఒక్కటి గానీ వచ్చే అవకాశం వందకి పద్నాలుగు. అంటే ఏడుసార్లకి ఒకసారి. అయిదు టర్నుల ఆటలో ఇలాంటి కాల్పులు ఎన్నిసార్లు జరుపుతారో చూసుకోండి, ఆటకొకసారైనా ఇది మీ గుమ్మం తొక్కుతుంది.

ముప్ఫై పాచికలున్నప్పుడే ఇంత ఊగిసలాట. ఇక మా తమ్ముడి ట్యాంకుకి రెండే గుండ్లు. తగలడానికి మూడు, గాయానికి మూడు, అవతలివాడి కవచం అయిదు, ఆపైన పడితే ఆపుతుంది. ఒక్కో గుండు పనిచేసే అవకాశం 27కి 8. రెండూ వృథా అయ్యే అవకాశం దాదాపు సగం. వరసగా రెండు టర్నులూ వృథా అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. దానికి తోడు సేనాపతి తొమ్మిది అంగుళాల ఛార్జ్, అంటే శత్రువు మీదికి దూకడం: రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి, తొమ్మిది ఆపైన వచ్చేవి పదే. తప్పే అవకాశం వందకి 72.

ఈ రెండూ గుణించి చూడండి. ట్యాంకు రెండు టర్నులు ఊరకుండటం, ఛార్జ్ తప్పడం, అంతా కలిపి వందకి పద్దెనిమిది కూడా కాదు కానీ దగ్గర దగ్గర. ఆరింట ఒకటి కంటే కాస్త ఎక్కువే. వాడు ఓవెన్ దాకా వెళ్ళిన ఆ ఘోరం, ఒక్క పాచిక వేసి ఒకటి చూసినంత మామూలు సంగతి.

ఈ లెక్క చెబితే వాడు నా మొహం చూసి, "అంటే అన్నా, నా ప్లానే అంతంటావా" అన్నాడు. నేనేమీ అనలేదు, టీ తెచ్చుకోవడానికి లేచాను.

అపోహ: రీరోల్ (పాచిక మళ్ళీ వేసే అవకాశం) చేతిలో ఉంటే భయం లేదు.

28 శాతం ఛార్జ్‌కి రీరోల్ వాడితే 56 అవ్వదు, 48 అవుతుంది. ఇంకా సగానికి కిందే. పైగా 2023లో వచ్చిన పదో ఎడిషన్‌లో ఆ రీరోల్‌కి ఒక కమాండ్ పాయింటు ఖర్చు. ఇలాంటి ప్రత్యేక అవకాశాలు కొనుక్కోవడానికి ఆటలో ఇచ్చే కొద్దిపాటి పాయింట్లవి. తమ్ముడు ఆ పాయింట్లని మొదటి టర్నులోనే, ఒక మామూలు సిపాయిని బతికించుకోవడానికి ఖర్చుపెట్టేశాడు. సిపాయి బతకలేదు.

అపోహ: ఎదుటివాడికి ఆరులు, నాకు ఒకట్లు. ఎప్పుడూ ఇంతే.

ఆ రోజు నాకు రెఫరీ పని లేదు. పక్కన కుర్చీ వేసుకుని, స్కోరు కాగితం వెనక గీతలు గీస్తూ కూర్చున్నాను. ఆట మొత్తంలో వాడు వేసినవి 216. ఒకట్లు 36 పడాలి, 39 పడ్డాయి. ఆరులు 37. కాగితం చూపిస్తే నమ్మలేదు, గీతలు తనే మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

ఆ ఆరులు పడ్డ చోటు వేరు. నాలుగో టర్నులో ఇరవై తుపాకులకి ఏడు ఆరులు పడ్డాయి, అప్పటికే ఒకే ఒక్క బొమ్మ మిగిలిన దళం మీద. ఒక్కణ్ణి చంపడానికి ఏడు ఆరులు! ఇలాంటివి ఎవరికీ గుర్తుండవు. ట్యాంకు దగ్గర పడ్డ ఒకటి మాత్రం రాత్రి పడుకున్నా కళ్ళ ముందే ఉంటుంది.

అపోహ: అంతా వేసే చేతిలో ఉంది.

శకుని కథ విని పెరిగినవాళ్ళం, మనకి ఈ అనుమానం సహజం. పాచికని బల్ల మీద జారేట్టు వదిలి, దొర్లకుండా నిలబెట్టే దొంగచేతులు ఉన్నాయి, నేనూ ఒకరిద్దర్ని చూశాను. అందుకే గ్లాసులో ఊపి వెయ్యడం, లోపల మెట్లున్న చిన్న టవర్‌లోంచి జారవిడవడం. గోడకి ఆనుకుని ఏటవాలుగా నిలబడ్డ పాచికని మళ్ళీ వేస్తాం, అది ఆరైనా సరే, ఒకటైనా సరే. ఆట మొదలవకముందే ఈ ఒప్పందం చేసుకోండి, తర్వాత గొడవ ఉండదు. పాచికల్ని ఫ్రిజ్‌లో పెట్టడం, ఒకట్లు వేసినదాన్ని డబ్బాలో 'జైల్లో' పడెయ్యడం లాంటివి సరదాకైతే సరే.

అపోహ: పాచికలున్న చోట బుర్రతో పనిలేదు. నిజమైన యుద్ధపుటాటకి ఇవి ఎందుకు?

నిజం సైన్యాలే ఇలా ఆడాయి. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంటు తన తండ్రి మొదలుపెట్టిన ఆటని పటాల మీద, పాచికలతో, అధికారుల శిక్షణ కోసం తీర్చిదిద్దాడు. ఆజ్ఞ ఇచ్చినంత మాత్రాన అనుకున్నట్టు జరగదని నేర్పడానికే ఆ పాచికలు. 1876లో వెర్డీ దు వెర్న్వా అనే మరో ప్రష్యన్ అధికారి పాచికలు తీసేసి అంపైర్ మాటే చెల్లాలన్నాడు. 1913లో హెచ్.జి. వెల్స్ తన బొమ్మ సైనికుల ఆటకి పాచికలు వద్దని, స్ప్రింగు ఫిరంగితో చెక్క గుండ్లు నిజంగానే పేల్పించాడు. అప్పుడు గురి తప్పితే తిట్టుకోవాల్సింది తన చేతినే.

ఇంకా వెనక్కి వెళితే మన దగ్గరే ఉంది. భారతంలో నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకుని బాహుకుడిగా మారి ఋతుపర్ణుడి రథం తోలుతాడు. దారిలో ఒక తాని చెట్టుని చూసి ఋతుపర్ణుడు రెండు కొమ్మల మీద ఎన్ని ఆకులో, ఎన్ని కాయలో చెప్పేస్తాడు. నలుడు నమ్మక, దిగి లెక్కపెడితే సరిపోతాయి. నాకు అక్షహృదయం (పాచికల రహస్య విద్య) తెలుసు, లెక్కలోనూ నేర్పరిని అని రెండూ ఒకే మాటలో చెబుతాడు ఋతుపర్ణుడు. ఆ కాలంలో జూదం ఆడింది తానికాయలతోనే, త్రిఫల చూర్ణంలో వేసే ఆ కాయలే.

లెక్క తెలిసినవాడు టర్నులో ముందు ఏం చెయ్యాలో ఎంచుకుంటాడు. పాచికలు అక్కర్లేని పనులు మొదట: మార్కర్ల మీద (పాయింట్లు తెచ్చే గుర్తుల మీద) దళాన్ని నిలబెట్టడం, చాటుకి జరగడం. తర్వాత ఎక్కువ పాచికల కాల్పులు. రెండు గుండ్ల ట్యాంకు ఆ తర్వాత. తొమ్మిది అంగుళాల ఛార్జ్ అన్నిటికంటే చివర, అది తప్పినా పెద్దగా పోయేదేమీ లేనప్పుడు.

తమ్ముడు ఆ రోజు 71-64తో ఓడిపోయాడు. మూడో టర్నులో సేనాపతి ఛార్జ్‌కి తోడుగా, ఒక మార్కర్ మీద నిలబడ్డ దళాన్ని కూడా ముందుకి తీసుకెళ్ళాడు. ఖాళీ అయిన ఆ మార్కర్ టర్నుకి అయిదు పాయింట్లది. తర్వాత రెండు టర్నులూ అది వాడిది కాలేదు.

ఆ సంగతి వాడే కనిపెట్టి చెప్పాడు, బొమ్మల్ని స్పాంజి పెట్టెలో సర్దుకుంటూ. అయినా మరుసటి ఆదివారం కొత్త డైస్ డబ్బాతో వచ్చాడు. ఎర్రవి.