రిథమ్ బాక్స్ పాడవలేదు, నంబర్లు కలవలేదంతే

"అన్నా, మిడి ఫైలు పెడితే బాక్సు పిచ్చి పిచ్చిగా వాయిస్తోంది. లోపలి ఐసీ చిప్పు పోయిందంటున్నారు. ఎంతవుద్ది?"

ఈ ఫోను నాకు నెలకి రెండు మూడు సార్లయినా వస్తుంది. కీబోర్డులు, ప్యాడ్లు, యాంప్లిఫయర్లు బాగుచేయడం నా పని. చర్చిలో వాయించే కుర్రాళ్లు, ఆర్కెస్ట్రా వాళ్లు, ఇంట్లో ఓ మూల కంప్యూటర్ పెట్టుకుని ట్రాకులు చేసుకునేవాళ్లు పాత డ్రమ్ మెషీన్లు, అంటే డ్రమ్స్ వాయించే రిథమ్ బాక్సులు, సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటారు. కొన్న వారానికి కంప్యూటర్‌కి తగిలిస్తారు, మిడి ఫైలు ప్లే చేస్తారు, వచ్చిన గోల విని గుండె జారిపోతుంది. అలా నా బల్ల మీదికొచ్చిన బాక్సుల్లో నిజంగా ఐసీ పోయినవి ఎన్నని అడిగితే, వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తాను.

అపోహ: మిడి ఫైలంటే పాట. మంచి మెషీనైతే దాన్ని ఉన్నదున్నట్టు వాయిస్తుంది. వాయించలేదంటే పాడైనట్టే.

వాస్తవం: మిడి అంటే వాయిద్యాలకి ఆదేశాలిచ్చే భాష. మిడి ఫైల్లో శబ్దం అనేదే లేదు. అది వంటమాస్టర్‌కి రాసిచ్చిన చీటీ. చీటీలో బిర్యానీ ఉండదు కదా! "పదో ఛానెల్లో 36వ నంబరు, ఇంత గట్టిగా, ఇప్పుడు" అని మాత్రం ఉంటుంది. ఛానెల్ అంటే ఆ మాట ఏ వాయిద్యానికో చెప్పే నంబరు. ఆ 36 అంటే కిక్కా (కాలితో తొక్కే పెద్ద డ్రమ్ము), కౌబెల్లా (గంట) అనేది మెషీన్ ఇష్టం.

అందరూ ఒకే నంబర్లు వాడాలని జనరల్ మిడి అనే ఒప్పందం వచ్చింది 1991లో. డ్రమ్స్ పదో ఛానెల్లో, కిక్ 36 (రెండో కిక్ 35), స్నేర్ డ్రమ్ము 38, మూసిన హైహ్యాట్ తాళాలు 42, తెరిచినవి 46, క్రాష్ సింబల్ 49, రైడ్ సింబల్ 51. మరి మిడి వచ్చింది 1983లో. మధ్యలో ఎనిమిదేళ్లు ఎవరి నంబర్లు వాళ్లవే. ఆ కాలపు మెషీన్‌కి ఈ కాలపు ఫైలు ఇచ్చి "నువ్వు తప్పు వాయిస్తున్నావు" అంటే అదేం చేస్తుంది పాపం.

ఆమధ్య తెనాలి వైపు నుంచి ఒకబ్బాయి ఎలెసిస్ ఎస్ఆర్-16 అనే డ్రమ్ మెషీన్ పట్టుకొచ్చాడు. టవల్లో చుట్టి, పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చాడు. ఎవరో బోర్డు మార్చాలని చెప్పి ఆరు వేలు అడిగారట. లేదంటే పార్టుల కింద వెయ్యికి తీసుకుంటామన్నారట. ఆదివారానికి బాక్సు కావాలి, చేతిలో డబ్బు లేదు. మొహం చూస్తే జాలేసింది.

మూత విప్పలేదు నేను. ముందు ప్యాడ్లు వేలితో కొట్టాను. పన్నెండూ శుభ్రంగా పలికాయి. ఇక ఐసీ మాటెక్కడిది? తర్వాత వాడి ఫైలుని కంప్యూటర్లో పెట్టి, మిడి మానిటర్ తెరిచి ఏ నంబర్లు వెళ్తున్నాయో చూశాం. బాక్సు ఓమ్నీలో ఉంది. అంటే ఏ ఛానెల్లో నోటు వచ్చినా నాకే అనుకుంటుంది. ఇప్పుడు చూడండి తమాషా. బేస్ గిటార్ నాలుగు తీగలకి మిడి నంబర్లు 28, 33, 38, 43. డ్రమ్ నంబర్లు ఉండేదీ అక్కడే. బేస్ వాడు డీ తీగ ఖాళీగా మీటినప్పుడల్లా 38 వెళ్తోంది, ఇక్కడ స్నేర్ పడుతోంది! జీ తీగ మీటితే టామ్ డ్రమ్ము. పియానో ఎడమచేతిది కూడా అదే వరస. పిచ్చి పట్టింది బాక్సుకి కాదు, నాలుగు వాయిద్యాలు కలిసి ఒకే డ్రమ్మర్‌ని కొడుతున్నాయి.

ఓమ్నీ తీసేసి ఛానెల్ 10 పెట్టగానే గోల సగం కాదు, మొత్తం పోయింది. కానీ కిక్ కూడా పోయింది. మళ్లీ మానిటర్ చూస్తే ఫైలు రాసినవాడు కిక్‌కి 35 వాడాడు, బాక్సులో కిక్ ప్యాడ్‌కి ఉన్నది 36. ఎస్ఆర్-16లో ఏ ప్యాడ్‌కి ఏ నంబరో మనమే మార్చుకోవచ్చు. మేం ఫైల్లోనే 35లన్నీ ఒక మెట్టు పైకి జరిపాం. స్నేర్‌ది కూడా ఇదే కథ, కొందరు 38 రాస్తారు, కొందరు 40. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది, అందులో టీ పావుగంట.

ఆరు వేలు! దేనికి?

కాబట్టి బాక్సు ఎవరి చేతిలోనైనా పెట్టేముందు మీరే ఓసారి చూసుకోండి. ప్యాడ్లు చేత్తో కొడితే పలుకుతున్నాయా? పలికితే శబ్దాలకి ఢోకా లేదు. బాక్సు ఓమ్నీలో ఉందా, పదో ఛానెల్లో ఉందా? ఫైల్లో డ్రమ్స్ తప్ప మిగతావన్నీ మ్యూట్ చేశారా? కొన్ని ఫైళ్లలో పదహారు ఛానెళ్లూ ఒకే ట్రాకులో కలిసి ఉంటాయి, వాటిని ముందు విడదీయాలి. ఆ తర్వాత నంబర్లు సరిచూడండి. నంబర్లే చూడండి, స్వరాల పేర్లు కాదు. ఒకే 36ని ఒక సాఫ్ట్‌వేర్ సీ1 అంటుంది, ఇంకోటి సీ2 అంటుంది. ఈ పేర్ల గొడవలో పడి ఆక్టేవ్ తేడాతో రాత్రంతా కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. నేనే ఒకణ్ణి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా రెండు తాళాలు ఒకదాని మీద ఒకటి వినిపిస్తున్నాయా? దెయ్యం కాదు. కంప్యూటర్ నోట్లతో పాటు క్లాక్ (తాళం వేగం), స్టార్ట్ (మొదలెట్టు) అనే సంకేతాలు కూడా పంపుతోంది. స్టార్ట్ అందగానే బాక్సు తన లోపలి ప్యాటర్న్ మొదలెడుతుంది. కంప్యూటర్లో క్లాక్ పంపడం ఆపండి, లేదా బాక్సులో సింక్‌ని ఇంటర్నల్‌కి పెట్టండి. బాక్సు మీది ప్లే బటన్ జోలికి వెళ్లకండి. ఫైలు నడుస్తున్నంతసేపూ తాళం కంప్యూటర్‌ది, బాక్సు కొట్టే చేతులు మాత్రమే. "ఫైలుని మెషీన్‌లోకి ఎక్కించాలి కదన్నా?" అని అడిగేవాళ్లకి కూడా ఇదే జవాబు. ఎక్కించేదేం లేదు.

ఇక మిగిలిన ఫిర్యాదులు, అపోహలు గబగబా చెప్పేస్తాను.

"పాటంతా కంప్యూటర్ స్పీకర్లోనే వస్తోంది, బాక్సుకి వెళ్లడం లేదు." విండోస్‌లో మిడి నోట్లని శబ్దంగా మార్చే సొంత సింథ్ ఒకటుంది, మామూలు ప్లేయర్ దానికే పంపుతుంది. మిడి అవుట్‌పుట్ పోర్టు ఎంచుకోనిచ్చే సాఫ్ట్‌వేర్ కావాలి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చాలు.

"కేబుల్ పని చెయ్యట్లేదు." చవక యూఎస్‌బీ కేబుళ్ల మీద ఇన్ అంటే బాక్సు ఇన్‌లో పెట్టమనా, కంప్యూటర్‌కి లోపలికి వచ్చేదనా? ఒక్కొక్కడు ఒక్కోలా రాస్తాడు. రెండు ప్లగ్గులూ అటూ ఇటూ మార్చి చూడండి. దానివల్ల ఏమీ కాలిపోదు.

"అయిదు పిన్నుల సాకెట్ ఉంది, అంటే మిడి ఉన్నట్టే." కాదండీ బాబూ! 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808కి వెనక ఉన్నది సింక్ సాకెట్. చూడ్డానికి అచ్చం మిడిలాగే ఉంటుంది, కానీ అందులో తాళం మాత్రమే నడుస్తుంది, నోట్లు నడవవు. రోలాండ్ డ్రమ్ మెషీన్లలో మిడి మొదలైంది 1983 నాటి టీఆర్-909తో. అమ్మేవాడు "ఫుల్ మిడి" అన్నాడని అడ్వాన్సు ఇవ్వకండి, సాకెట్ పక్కన ఏం రాసుందో ఫొటో అడగండి.

"పాతది కదా, లేటుగా కొడుతుంది." మిడి వేగం సెకనుకి 31,250 బిట్లు. ఒక దెబ్బకి ఇంచుమించు ఒక మిల్లీసెకను. నాలుగు దెబ్బలు ఒకేసారి పడ్డా నాలుగు మిల్లీసెకన్లు దాటదు, మీ చెవికి తెలీదు. నిజానికి తరచుగా జరిగేది దీనికి తలకిందులు. పియానో కంప్యూటర్ లోపలి సాఫ్ట్‌వేర్ నుంచి వస్తుంటే, బఫర్ (శబ్దాన్ని కాసేపు పోగేసే చోటు) 512 శాంపిళ్ల దగ్గర దాదాపు పన్నెండు మిల్లీసెకన్లు అదే వెనకబడుతుంది. తిట్లు మాత్రం బాక్సుకి.

"లోపలి బ్యాటరీ సెల్ మారిస్తే శబ్దాలన్నీ పోతాయి." పోవు, అవి సెల్ మీద బతికే రామ్‌లో కాదు, చెరగని రోమ్‌లో ఉంటాయి. పోయేవి మీరు చేసుకున్న ప్యాటర్న్‌లు, సెట్టింగులు. ఛానెల్, ప్యాడ్ నంబర్లు కాగితం మీద రాసి బాక్సు అడుగున అంటించుకోండి.

"తబలా, ఢోలక్ రావట్లేదు." రావు. జనరల్ మిడిలో డ్రమ్ శబ్దాలు 35 నుంచి 81 దాకా మొత్తం 47. బ్రెజిల్ క్వీకా కూడా ఉంది, మన ఢోలక్ లేదు. మన పాటల ఫైళ్లలో ఆ నోట్లు చేసినవాడి కీబోర్డు కిట్ నంబర్లలో ఉంటాయి, మీ బాక్సులో అవి ఎక్కడ పడతాయో ఆ దేవుడికే తెలియాలి. దగ్గరగా ఉండే కాంగాలకి జరుపుకోండి, లేదా ఆ ముక్క కంప్యూటర్లోనే ఉంచండి.

చివరిది, "తొమ్మిది వోల్టులే కదా, ఏ అడాప్టరైనా ఒకటే". ఇక్కడ మాత్రం బాక్సు నిజంగా పోతుంది. ఎస్ఆర్-16కి కావలసింది తొమ్మిది వోల్టుల ఏసీ. అవును, అడాప్టర్ నుంచి బయటికొచ్చేది కూడా ఏసీయే. బాస్ కంపెనీ డాక్టర్ రిథమ్ బాక్సులకి కావలసింది తొమ్మిది వోల్టుల డీసీ, అదీ మధ్యలో మైనస్. పిన్ను రెండిట్లోనూ దూరుతుంది, తప్పుది గుచ్చామంటే అయిపోయినట్టే. ఈ పని కొత్తల్లో, కరెంటు పోయి వచ్చిన హడావిడిలో, చేతికందిన అడాప్టర్ ఓ ఆర్కెస్ట్రా ఆయన బాస్ పెట్టెకి గుచ్చాను. చిన్న టప్ మని చప్పుడు, తర్వాత కాలిన వాసన. ఆయన పెద్దాయన, ఏమీ అనలేదు. "మాస్టారూ, పెళ్లి ఎల్లుండండీ" అన్నాడంతే. నా జేబులోంచి డబ్బు పెట్టి అద్దెకి వేరే పెట్టె తెచ్చిచ్చాను. అప్పట్నుంచి నా షాపులో ప్రతి అడాప్టర్‌కీ తెల్ల టేపు చుట్టి, ఏసీనో డీసీనో ఎర్ర మార్కర్‌తో రాసి పెడతాను.