ఈడెన్ గార్డెన్స్‌కి నడిచి వెళ్లాలి

చిట్టీ, బంటీ,

టీవీలో ఇంకా బాగా కనిపిస్తుంది కదా, క్రికెట్ మ్యాచ్ కోసం అంత దూరం కలకత్తా ఎందుకు వెళ్లారని అడిగారు. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

బంతి టీవీలోనే బాగా కనిపిస్తుంది, నిజమే. కానీ ఈడెన్ గార్డెన్స్ క్రికెట్ గ్రౌండ్ ఊరి నడిబొడ్డున ఎలా మిగిలింది, దాని చుట్టూ ఏముంది అన్నది టీవీలో రాదు. అది చూడాలనే సాయంత్రం ఏడున్నరకి మొదలయ్యే హైదరాబాద్ మ్యాచ్‌కి తాతయ్యా నేనూ పొద్దున్నే బయల్దేరాం.

ముందు రోజు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరాలో దిగి, స్టేషన్ దగ్గరే ఉన్నాం. పొద్దున హుగ్లీ నది రేవులో లాంచీ ఎక్కాం. వెనక్కి తిరిగితే హౌరా వంతెన. 1943లో తెరిచారు. అంత వెడల్పు నదిలో ఒక్క స్తంభం కూడా లేదు. నట్లూ బోల్టులూ లేకుండా ఉక్కు ముక్కల్ని రివెట్లతో బిగించి కట్టారు. తాతయ్య ఆ రివెట్ల గురించి అవతలి ఒడ్డు వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు.

అవతల బాబూఘాట్‌లో మట్టి ముంతల్లో టీ తాగి, పసుపు టాక్సీలో విక్టోరియా మెమోరియల్‌కి వెళ్లాం. 1906లో పునాది వేసి 1921లో తెరిచిన భవనం. రాయి రాజస్థాన్‌లోని మక్రానాది, తాజ్‌మహల్‌కి వాడిన పాలరాయి. గుమ్మటం మీద నల్లటి దేవత బొమ్మ ఉంటుంది, గాలికి తిరిగేలా బేరింగుల మీద నిలబెట్టారు. లోపలి చిత్రాలు చూస్తూ ఎండ వేళంతా అక్కడే గడిపేశాం.

నాలుగు దాటాక అసలు నడక మొదలైంది. విక్టోరియా నుంచి ఈడెన్ దాకా మూడు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. దారంతా మైదాన్ పక్కనే. అంత పెద్ద ఊరి మధ్యలో అంత ఖాళీ చోటు ఎలా మిగిలిందో తెలుసా? 1756లో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా ఇంగ్లీషువాళ్ల పాత కోట పట్టుకున్నాడు. మరుసటి ఏడు ప్లాసీ యుద్ధంలో గెలిచాక వాళ్లు 1758లో కొత్త కోట మొదలుపెట్టారు. ఫిరంగి గుళ్లకు అడ్డు లేకుండా, శత్రువు దాక్కోవడానికి చాటు లేకుండా చుట్టూ అడవి కొట్టించేశారు. ఆ ఖాళీయే మైదాన్. ఇప్పటికీ అది సైన్యం చేతిలోనే ఉంది, అందుకే మేడలు లేవలేదు. ఫిరంగుల కోసం ఖాళీ చేయించిన నేల మీద పిల్లలు క్రికెట్ ఆడుతుంటే నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఒక జట్టు ఫీల్డర్ ఇంకో జట్టు పిచ్ మీద నిలబడి ఉంటాడు, ఎవరి బంతి ఎవరిదో వాళ్లకే తెలియాలి!

ఈడెన్ దగ్గరికి వచ్చేసరికి మోహన్ బగాన్ ఫుట్‌బాల్ గ్రౌండ్ కనిపిస్తుంది. 1911లో ఆ క్లబ్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే సైనికుల జట్టును 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ అనే ఫుట్‌బాల్ కప్పు గెలిచింది. మనవాళ్లలో ఒక్కరు తప్ప అందరూ ఉత్త కాళ్లతో ఆడారు. బూట్లేసుకున్న సైనికుల మీద! తాతయ్య ఆ గేటు దగ్గర చెప్పులు విప్పి ఒక నిమిషం నిలబడ్డారు. నేనేమీ అడగలేదు.

ఇక స్టేడియం. మెట్లెక్కి పైకి వెళ్లగానే ఆ పచ్చదనం ఒక్కసారిగా కళ్ల ముందుకొస్తుంది. ఫీల్డర్లు బంతి బంతికీ ఎలా జరుగుతారో అక్కడే చూశాను. బౌలర్ పరుగు మొదలుపెట్టకముందే కెప్టెన్ చేయి ఊపుతాడు, డీప్‌లో, అంటే బౌండరీ దగ్గర ఉన్నవాడు నాలుగడుగులు పక్కకు వేస్తాడు. టీవీ కెమెరా అప్పుడు బౌలర్ ముఖం చూపిస్తూ ఉంటుంది. ఇంకో సంగతి, బ్యాట్‌కి బంతి తగలడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. వెలుగు తక్షణం వచ్చేస్తుంది, శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది. నూరు మీటర్ల దూరంలో కూర్చుంటే సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యం. అరుపులు తగ్గినప్పుడు ఇది తెలుస్తుంది.

ఆ రాత్రి ఎవరు గెలిచారో మీకు తెలుసు. నేను మాత్రం మధ్యమధ్య పిచ్‌కేసి చూస్తూ అదే గ్రౌండ్‌లో జరిగిన టెస్టు మ్యాచ్‌లో 2001 మార్చి 14 గురించే ఆలోచించాను. మీ అమ్మ అప్పుడు స్కూల్లో ఉంది. ఆస్ట్రేలియా వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది. ఈడెన్‌లో వాళ్లు 445 కొడితే మనం 171కే ఆలౌట్. ఐదు రోజుల ఆటలో రెండో జట్టు 200 లేదా అంతకంటే ఎక్కువ వెనకబడితే, అవతలి కెప్టెన్ దాన్ని వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దింపొచ్చు. ఫాలో ఆన్ అంటే అదే, మనల్ని అలాగే దింపారు. మన హైదరాబాద్ లక్ష్మణ్‌ని బ్యాటింగ్ వరసలో ఆరో స్థానం నుంచి మూడుకి పంపారు. నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అతనూ ద్రావిడ్ వికెట్ పడకుండా ఆడారు. వాళ్ల స్పిన్నర్ వార్న్ కాళ్ల వైపున్న లెగ్‌స్టంప్ బయట గరుకు నేల మీద వేస్తే లక్ష్మణ్ ముందుకొచ్చి ఒకసారి ఆ వైపే ఆన్‌సైడ్‌కి, ఇంకోసారి అవతలి వైపు కవర్స్ మీదుగా కొట్టాడు. అతను 281, ద్రావిడ్ 180, భాగస్వామ్యం 376. చివరి రోజు మన స్పిన్నర్ హర్భజన్ ఆరు వికెట్లు తీశాడు, 171 పరుగులతో గెలిచాం. మూడున్నర గంటల మ్యాచ్‌కే నాకు నడుము పట్టేసింది. ఆ ఇద్దరూ ఆ ఉక్కలో రోజంతా నిలబడ్డారంటే ఏమిటో అక్కడ కూర్చుంటేనే అర్థమైంది.

తిరిగి వెళ్లేటప్పుడు ఎస్‌ప్లనేడ్ దాకా నడిచి మెట్రో ఎక్కాం. ఆ లైనులో 2024లో మొదలైన భాగం హుగ్లీ నది కిందుగా పోతుంది. నది అడుగున ఉన్న ముక్క అర కిలోమీటరు, నిమిషం కూడా పట్టదు. గోడల మీద నీలం దీపాలు వస్తాయి, కళ్లు తిప్పకండి.

వేసవి సెలవుల్లో మిమ్మల్నీ తీసుకెళ్తాం. నాన్నని టికెట్లు ముందే కొనమనండి. సీట్లు పిచ్‌కి సూటిగా, పై అంతస్తులో తీసుకోమనండి, బంతి ఎంత తిరిగిందో కనిపిస్తుంది. సంచులూ నీళ్ల సీసాలూ లోపలికి రానివ్వరు. వచ్చేలోపు లక్ష్మణ్ ఆ 281 వీడియో వెతికి చూడండి, కాస్త పెద్దదే పెట్టుకోండి.

ప్రేమతో,
అమ్మమ్మ