గుమ్మడి పిందె ఎందుకు నిలవదు? చేతి పరాగసంపర్కంపై అపోహలు - వాస్తవాలు

మిద్దెతోటలో తీగజాతి కూరగాయలు పెంచుతున్న ఇన్నేళ్లలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "పాదు నిండా పూలున్నాయి, పిందె మాత్రం నిలవడం లేదు, ఏ మందు కొట్టాలి?" చాలా సందర్భాల్లో అక్కడ మందుతో పనే ఉండదు. గుమ్మడి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది కనుక గాలికి ఎగిరిపోదు. పిందె నిలవాలంటే దానిని తేనెటీగో తుమ్మెదో మగపూవు నుంచి ఆడపూవుకు మోసుకురావాలి; దీన్నే పరాగసంపర్కం అంటారు. మూడో నాలుగో అంతస్తు పైన, చుట్టుపక్కల పూలచెట్లు లేని చోట, లేదా ముసురు పట్టిన రోజుల్లో అవి తగినన్ని రావు. అప్పుడు ఆ పని మన చేతులతోనే జరగాలి.

అపోహ: పూసిన పూలన్నీ రాలిపోతున్నాయంటే పాదు గొడ్డుపోయినట్టే.

వాస్తవం: గుమ్మడిలో ఒకే పాదుకు మగపూలు, ఆడపూలు విడివిడిగా పూస్తాయి. సాధారణంగా ముందు మగపూలే వస్తాయి. అవి ఒక పూట విచ్చుకొని రాలిపోవడం సహజం. సన్నని పొడవాటి కాడ మీద నిలబడేది మగపూవు, రేకుల కింద గోలీకాయంత పిందెతో పుట్టేది ఆడపూవు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు, యూరియా వంటి నత్రజని ఎరువు ఎక్కువైనప్పుడు ఆడపూలు మరింత ఆలస్యమవుతాయి. ఆడపూల కోసం ఎథ్రెల్ అనే మొక్కల హార్మోను మందు చల్లమని సలహా ఇచ్చేవారున్నారు, కానీ అది మొక్క 2 నుంచి 4 ఆకులతో ఉన్న దశలో చేసే పని. పందిరంతా అల్లుకున్న తీగ మీద చల్లి ప్రయోజనం ఆశించకూడదు.

అపోహ: తీరిక దొరికినప్పుడు ఏ వేళలోనైనా పుప్పొడి అద్దవచ్చు.

వాస్తవం: ఎక్కువమంది శ్రమ వృథా అయ్యేది ఇక్కడే. గుమ్మడి పూవు తెల్లవారుజామున విచ్చుకొని, ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది; ఆడపూవుకు ఉండేది ఆ ఒక్క ఉదయమే. అందువల్ల 6 నుంచి 8 గంటల మధ్య పని ముగించడం మంచిది. అయితే గుమ్మడికి పనికొచ్చిన ఈ వేళ అన్ని తీగలకూ పనికిరాదు. సొర, బీర పూలు సాయంత్రం 5 గంటల తరువాత విచ్చుకుంటాయి, పొట్ల పూవు చీకటి పడే వేళకు తెరుచుకుంటుంది, కాకర, దోస పూలు ఉదయం పూస్తాయి. బీరకు దగ్గరి చుట్టమైన నేతిబీర సైతం దానిలా సాయంత్రం కాక ఉదయమే పూస్తుంది. సొరపాదు దగ్గరకు రోజూ ఉదయం 9 గంటలకు వెళ్లి వాడిన పూలను చూసి బాధపడేవారికి నేను చెప్పేది ఒక్కటే: దీపాలు పెట్టే వేళకు ఒకసారి వెళ్లి చూడండి.

అపోహ: దీనికి మెత్తని బ్రష్ తప్పనిసరి, ఒకసారి తాకిస్తే చాలు.

వాస్తవం: బ్రష్ వెంట్రుకల్లోనే సగం పుప్పొడి చిక్కుకుపోతుంది కనుక నేను వాడను. అప్పుడే విచ్చిన మగపూవును కాడతో సహా కోసి, రేకులు ఒలిచి, మధ్యనున్న కేసరాన్ని ఆడపూవు కీలాగ్రం (పూవు మధ్యలో పుప్పొడిని అందుకునే భాగం) మీద నెమ్మదిగా రాయాలి. కీలాగ్రానికి మూడు తమ్మెలుంటాయి. మూడింటికీ పుప్పొడి అంటాలి. కొద్దిపాటి పుప్పొడే అందితే గింజలు సరిగా కట్టక, కాయ ఒక పక్క ఉబ్బి, మరో పక్క నొక్కుకుపోయి వంకరగా పెరుగుతుంది. అందుకే ఒక ఆడపూవుకు రెండు మూడు మగపూలు వాడతాను. అదే పాదు మగపూవైనా సరిపోతుంది. మరునాడు వాన పడేలా ఉంటే, విచ్చుకోబోతున్న మగమొగ్గలను ముందురోజు సాయంత్రమే కోసి, కాడలు నీటిలో మునిగేలా ఇంట్లో ఉంచితే తెల్లవారేసరికి పొడి పుప్పొడి సిద్ధంగా ఉంటుంది. తడిసిన పుప్పొడి పగిలిపోయి పనికిరాదు.

అపోహ: పిందె పసుపుబారితే అది తెగులే.

వాస్తవం: పుప్పొడి అందని పిందె కొద్ది రోజుల్లో పూవున్న కొసనుంచి వడలి, పసుపుబారి రాలుతుంది. పండు ఈగ పొడిచిన పిందె మీద సన్నని రంధ్రం, దాని నుంచి కారిన జిగురు కనిపిస్తాయి. కోసి చూస్తే లోపల పురుగులుంటాయి. ఇక పాదు మోయగలిగినన్ని కాయలు అప్పటికే ఉంటే, బాగా పరాగసంపర్కం జరిగిన పిందెను కూడా అది వదిలేస్తుంది. దయచేసి ఈ తేడా చూడకుండా పురుగుమందు చేతిలోకి తీసుకోకండి. పూత మీద కొట్టిన మందు వచ్చే నాలుగు తేనెటీగలనూ చంపుతుంది.

అపోహ: పక్కనున్న సొర పుప్పొడి పడితే గుమ్మడి రుచి చెడుతుంది, చేదెక్కుతుంది.

వాస్తవం: గుమ్మడి, సొర, బీర, దోస వేర్వేరు ప్రజాతులు; ఒకదాని పుప్పొడితో మరొకటి గింజ కట్టదు. రెండు గుమ్మడి రకాల మధ్య సంకరం జరిగినా ఈ కాయ కండ తల్లి పాదుదే కనుక రుచి మారదు. మార్పు లోపలి గింజల్లో ఉండి, వాటిని నాటినప్పుడే బయటపడుతుంది. విత్తనం దాచుకోదలచినవారు ముందురోజు సాయంత్రమే మగ, ఆడ మొగ్గల కొసలను దారంతో కట్టి, ఉదయం విప్పి పుప్పొడి అద్ది, ఆడపూవును మళ్లీ మూసి, కాడకు గుర్తుగా రంగుదారం కట్టాలి. కాయ చేదుగా ఉంటే కారణం కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలు. అటువంటి సొరకాయను, గుమ్మడికాయను వండినా, రసం తీసినా ప్రమాదమే కనుక పారవేయాలి.

అపోహ: తీగజాతి కూరగాయలన్నింటికీ పుప్పొడి అద్దాల్సిందే.

వాస్తవం: ఇళ్లలో కొమ్మ నాటి పెంచే దొండ పాదుకు అవసరం లేదు, పరాగసంపర్కం లేకుండానే కాస్తుంది. బోడకాకరలో మాత్రం మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. ఒక్క దుంప నాటి ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు ముందుగా తమ తీగ పూల కింద పిందె ఆకారం ఉందో లేదో చూసి, రెండో రకం దుంపను సంపాదించుకోవాలి.