గీతలు చూసి టైరు కొనకండి: విదేశాల్లో ఉన్న మనవాళ్ల కోసం అపోహలు - వాస్తవాలు

నా వాట్సాప్‌కు రోజూ టైర్ల ఫొటోలు వస్తుంటాయి. రియాద్ నుంచి, దోహా నుంచి, డల్లాస్ నుంచి, మ్యూనిక్ నుంచి. పంపేది ఎక్కువగా జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు, మన హనుమకొండ, కాజీపేట నుంచి అమెరికాకు చదువుకోవడానికి పోయిన పిల్లలు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో తొమ్మిదేళ్లు టైర్ల షాపులో పనిచేసి వచ్చి, ఇప్పుడు ములుగు రోడ్డులో సొంతంగా షాపు నడుపుకుంటున్నాను. అందుకే "అన్నా, ఈ టైరు తీసుకోవచ్చా?" అని నన్ను అడుగుతారు. అడగడం మంచిదే. ఎంత రాత్రయినా చూసి జవాబు పెడతాను. కానీ వచ్చే ఫొటో మాత్రం ఎప్పుడూ ఒకటే: టైరు పైభాగం, గీతల్లో గుచ్చిన ఒక నాణెం. "చూడన్నా, ఎంత లోతున్నయో."

ఆ ఫొటోతో నేను ఏమీ చెప్పలేను. నాకు కావాల్సింది టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు.

అపోహ: గీతలు లోతుగా ఉంటే టైరు మంచిగున్నట్టే

మనవాళ్ల డబ్బులు ఎక్కువగా పోతున్నది ఈ ఒక్క నమ్మకం వల్లనే. కొన్నిసార్లు ప్రాణం మీదికి కూడా వస్తోంది.

టైరు ఎంత అరిగిందో గీతల లోతు చెబుతుంది. ఎప్పుడు తయారైందో చెప్పదు. రబ్బరు వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఎండ, వేడి కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. లోపల స్టీలు తీగల పొరలు ఉంటాయి కదా, వాటికీ రబ్బరుకూ మధ్య పట్టు సడలుతుంది. ఆ సడలడం బయటికి కనిపించదు. 45 డిగ్రీల ఎండలో, అంతకంటే వేడెక్కిన తారు మీద, గంటకు 120 కిలోమీటర్ల వేగంతో రెండు గంటలు పోయాక పైపొర మొత్తం ఒక్కసారిగా ఊడొస్తుంది. మన దగ్గర మే నెలలో ఎండ తక్కువేం కాదు. కానీ వరంగల్ నుంచి కరీంనగర్ పోయే బండికి అంత వేగం, అన్ని గంటలు ఆగకుండా పోవడం ఉండదు. గల్ఫ్ రోడ్డు టైరుకు వేరే పరీక్ష.

టైరులో ఏ లోపం ఉన్నా వేడి దేశంలో ముందు బయటపడుతుంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ అమెరికాలో 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. పైపొర ఊడి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లు బోల్తా పడ్డాయి. అంతకు ఏడాది ముందే, 1999లోనే, ఫోర్డ్ సౌదీలోనూ ఇతర గల్ఫ్ దేశాల్లోనూ ఆ టైర్లు మార్చడం మొదలుపెట్టింది.

షార్జాలో నా కళ్లముందు జరిగింది చెబుతాను. 2013లో మెట్‌పల్లి వైపు తమ్ముడొకడు పికప్ తోలుకొచ్చాడు. వేరే చోట రెండు సెకండ్ హ్యాండ్ టైర్లు కొన్నాడు, మా దగ్గర బిగించమన్నాడు. నల్లగా పాలిష్ కొట్టి ఉన్నాయి, గీతల్లో చిటికెన వేలి గోరు మునుగుతోంది. నేను పక్కన బొటనవేలితో రుద్ది, ఆ అంకెల మీద సుద్ద గీశాను. 0904 అని తెల్లగా తేలింది. 2004, తొమ్మిదో వారం. తొమ్మిదేళ్ల టైరు. టైరును చేతులతో వంచి చూపించాను, గీతల అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు తెరుచుకున్నాయి. "వద్దు తమ్మీ" అన్నాను. "అన్నా, జీతం వచ్చేదాకా నడిస్తే చాలు, ఇంటికి పైసలు పంపాలె" అన్నాడు. ఇంకో మాట అనలేకపోయాను. బిగించాను.

మూడు వారాలకు ధైద్ రోడ్డు మీద నుంచి ఫోన్. వెనక టైరు పైపొర ఊడి, మడ్‌గార్డును చీల్చి, బ్రేకు పైపును తెంపింది. దేవుడి దయ, పక్కన బండి లేదు. రికవరీ బండి కిరాయి, మడ్‌గార్డు, బ్రేకు పని, మళ్లీ రెండు టైర్లు. నాలుగూ కొత్తవి కొన్నా అంత అయ్యేది కాదు. ఆ రోజు నేను బిగించనని గట్టిగా చెప్పాల్సింది. ఈ మాట ఇంత గట్టిగా రాస్తున్నది అందుకే.

ఆ అంకెలు చూడటం ఎట్లాగంటే, టైరు పక్కన డాట్ అని ఇంగ్లిష్‌లో మూడు అక్షరాలు, వాటి వెనక ఒక కోడ్ ఉంటాయి. దాని చివరి నాలుగు అంకెలే మనకు కావాలి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. మూడే అంకెలుంటే అది 2000కు ముందుది, దాని జోలికే పోకండి. చాలా టైర్లకు ఈ అంకెలు ఒక్క పక్కనే ఉంటాయి, అది లోపలి వైపు కూడా కావచ్చు. "నంబర్ లేదన్నా" అంటారు చాలామంది. ఉంటుంది. ముందు టైరైతే స్టీరింగ్ పూర్తిగా ఒక వైపుకు తిప్పి, వెనక నుంచి ఫోన్ లైటు కొట్టండి. కొత్తవి కొనేటప్పుడు రిమ్ముకు ఎక్కించకముందే నాలుగూ చూడండి. ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే బిల్లులో మూడు నిరుడివి, ఒకటి నాలుగేళ్లది రావడం నేను చాలాసార్లు చూశాను. బిగించాక అడిగితే వాదన మిగులుతుంది.

ఎన్నేళ్ల దాకా వాడొచ్చు? చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లకు మార్చమంటాయి. మిషెలిన్ అయితే అయిదేళ్లు దాటాక ఏటా చూపించుకోమని, ఎంత బాగున్నా పదేళ్లకు మార్చమని చెబుతుంది. గల్ఫ్‌లో తిరిగే బండికి నా లెక్క అయిదేళ్లే. యూఏఈలో పనికిరాని టైర్లతో పట్టుబడితే 500 దిర్హమ్‌ల జరిమానా, లైసెన్సు మీద 4 బ్లాక్ పాయింట్లు, పైగా వారం రోజులు బండి జప్తు. డ్రైవర్ ఉద్యోగం మీద బతికేవాడికి ఆ వారం ఎంత బరువో నాకు తెలుసు.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. ఇలాంటి మాటలు విని భయపడి, కొత్త టైరు ఎనిమిది నెలల పాతదని తెలిసి రాత్రంతా నిద్రపోని చెల్లెలొకరు డల్లాస్ నుంచి ఫోన్ చేసింది. "అన్నా, మోసపోయిన్నా?" అని ఏడుపు గొంతు. మోసం కాదమ్మా. గోడౌన్‌లో నీడలో, రిమ్ముకు ఎక్కకుండా ఉన్న టైరు ఎనిమిది నెలల్లో చెడిపోదు. ఏడాదిలోపుదైతే కళ్లు మూసుకుని తీసుకోండి. రెండేళ్ల దాకా నేనైతే తీసుకుంటాను, ధర తగ్గించమని అడుగుతాను. దానికి టెన్షన్ పడాల్సిన పని లేదు.

అపోహ: టైరు మీద రాసి ఉన్నంత గాలి పెట్టాలి

అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ గాలి. మీ బండికి ఎంత కావాలో డ్రైవర్ డోరు తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్‌లో ఉంటుంది. పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోవాలి. మధ్యాహ్నం వేడికి గాలి పెరిగిందని కొంత తీసేయమని గల్ఫ్‌లో ఒక సలహా తిరుగుతుంది. తీయకండి. గాలి తగ్గిన టైరు ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది.

నైట్రోజన్ గురించి ప్రతి వారం అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితంగా పెడితే పెట్టించుకోండి, డబ్బులు మాత్రం ఇవ్వకండి.

అపోహ: రెండే కొంటే కొత్తవి ముందు వేయాలి

ఇది ఇక్కడ మా షాపులో కూడా రోజూ వినే మాట. కొత్తవి వెనక్కే వేయాలి. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే పట్టు దొరుకుతుంది. వెనకవి జారితే బండే గిర్రున తిరుగుతుంది, అప్పుడు మామూలు డ్రైవర్ చేయగలిగింది ఏమీ ఉండదు.

అపోహ: ఆల్ సీజన్ అని రాసి ఉంటే మంచులో కూడా పనికొస్తుంది

జర్మనీలో ఉన్న పిల్లలకు ఈ మాట. మంచు, గడ్డకట్టిన రోడ్డు ఉన్నప్పుడు అక్కడ చలికాలపు టైర్లు తప్పనిసరి. 2024 అక్టోబర్ నుంచి కొండ బొమ్మ, దానిలో మంచు రేకు గుర్తు ఉన్నవే చెల్లుతాయి. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని అర్థం) అన్న అక్షరాలు మాత్రమే ఉంటే చాలదు. ఆ గుర్తు ఉన్న ఆల్ సీజన్ టైరు పనికొస్తుంది.

అమెరికాలో ఆన్‌లైన్‌లో కనిపించే ధర చాలాసార్లు టైరుది మాత్రమే. బిగింపు, బ్యాలెన్సింగ్, వాల్వు, పాత టైరు తీసుకుపోయే ఖర్చు, పన్ను విడిగా పడతాయి. "అన్నీ కలిపి ఎంత" అని అడిగి, ఆ అంకెతోనే రెండు షాపులు పోల్చండి. సైజు పక్కన 91 వి అని ఉంటుంది చూశారా, అందులో 91 అంటే టైరు ఒక్కటి 615 కిలోలు మోస్తుందని, వి అంటే గంటకు 240 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. పాతదానికంటే తక్కువ అంకె ఉన్నది చౌకగా వచ్చినా వద్దు.

మొన్న ఆదివారం కాజీపేట నుంచి ఒక అమ్మ షాపుకు వచ్చింది. కొడుకు డల్లాస్‌లో పాత కారు కొన్నాడట, టైర్లు మంచివో కావో అని ఆమెకు మనసున పట్టడం లేదు. షాపులోంచే కొడుక్కు వీడియో కాల్ కలిపింది. స్టీరింగ్ తిప్పి లైటు కొట్టమన్నాను. అంకెలు కనబడగానే "ముప్పై ఒకటి, ఇరవై ఐదు" అని ఆమే పైకి చదివింది. 2025 జూలై ఆఖరుది. నాలుగూ దగ్గరదగ్గర అవే. అమ్మ ముఖం తేటపడింది. స్టెప్నీ సంగతి అడిగాను. డిక్కీలో కార్పెట్ కింద ఉందట, కొన్నప్పటి నుంచి తీసి చూడలేదన్నాడు. తీయమన్నాను. గీతలు ఒక్కటీ అరగలేదు, కొత్త పెళ్లికూతురులా మెరుస్తోంది. తిప్పి పక్కకు లైటు కొట్టాడు.

1114.